సెట్టు ఏమన్నా అనిందా

సాయంత్రం పాల క్యాన్లు పట్టుకుని బయలుదేరిన ఆడవాళ్లు సంగీత వాకిట్లో ఒక నిమిషం ఆగుతారు. లోపలికి తొంగిచూసి, "సెట్టు ఏమన్నా అనిందా?" అని అడుగుతారు.

"ఏమీ అన్లేదు, పోండి" అంటుంది సంగీత.

ఆ మాట వినకుండా ఎవరూ కదలరు. నక్కబండపల్లె నుంచి తారురోడ్డు మీది పాలకేంద్రానికి ఒకటే దారి. అది చెరకుతోటను ఒరుసుకుంటూ, అడవి అంచునే పోతుంది. ఏనుగులు దిగేది ఆ పక్కనే. అంచులోని బండ మీద మంచె వేసుకుని సంగీత మామ దాసప్ప సాయంత్రం నుంచి తెల్లారేదాకా కాపలా ఉంటాడు. ఆయన చేతిలో ఒక చిన్న వైర్‌లెస్, ఇంట్లో గూట్లో పాత ఆటో బ్యాటరీకి తగిలించిన పెద్ద సెట్టు. కుప్పం దాటి ఇంత లోపలికి సెల్ సిగ్నల్ రాదు. మంచె మీద చార్జింగ్ పెట్టుకునే వీలు లేదు కాబట్టి ఏనుగు కనబడితేనే దాసప్ప మీట నొక్కాలని ఊరి కట్టుబాటు. లేకపోతే నోరు తెరవకూడదు. సెట్టు మూగగా ఉందంటే ఊరు చల్లగా ఉన్నట్టే.

ఆ రోజు సెట్టు మూగగా లేదు. మధ్యాహ్నం నుంచి, ఇసుకలో రేకు ఈడుస్తున్నట్టు గరగరమంటూనే ఉంది.

సంగీత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. బెంగళూరులో ఒక ఆసుపత్రికి వచ్చే రోగులకు ఫోన్లు చేసి, డాక్టరును చూడాల్సిన తారీకు గుర్తుచేయడం ఆమె పని. నెల కిందటి వరకు అందుకోసం రోజూ కుప్పం పోయి అద్దెగదిలో కూర్చునేది. ఇప్పుడు కరెంటు తీగల్లోనే ఇంటర్నెట్ వస్తోంది. గోడకున్న ప్లగ్గులో చిన్న డబ్బా గుచ్చితే చాలు.

"ఏందమ్మా ఆ సప్పుడు? మిల్లులో కూర్చోని మాట్లాడతాండావా?" అన్నాడు అవతలి ముసలాయన.

"లేదయ్యా, ఇంట్లోనే. మీరు గురువారం రావాల."

"యా వారం?"

"గురువారం అయ్యా. గురు. వారం."

ఫోను పెట్టేసి ఆమె వెనక్కి తిరిగింది. గడప దగ్గర జగదీష్ వైర్లు చుట్టుకుంటున్నాడు. మదనపల్లె నుంచి వచ్చిన కుర్రాడు, ఇంటర్నెట్ కంపెనీ మనిషి. ఆ పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి బిగించిన పెట్టెను మార్చి ఇంకా పెద్దది పెట్టాడు. ఇకమీదట అన్ని ఇళ్లకూ స్పీడు ఒకేలా వస్తుందని చెప్పాడు.

"జగదీషూ, ఇది పొద్దున బాగానే ఉండిందప్పా."

జగదీష్ సెట్టు దగ్గరికి వచ్చి చెవి పెట్టాడు. "పాతది కదక్కా. ఈ నాబు సూడు, దీన్ని కొంచిం తిప్పితే గరగర పోతాది." బొటనవేలితో మెల్లగా తిప్పాడు. శబ్దం తెగిపోయింది. ఇల్లంతా ఒక్కసారి తేలికైనట్టయింది.

"మాటలు వస్తాయి కదా?"

"వస్తాయి లేక్కా. ఉత్త గరగరను ఆపేదానికే ఆ నాబు."

ఆమె అతనికి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

పొద్దు వాలుతుండగా గంగులమ్మ క్యాను చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పక్కిల్లే ఆమెది. వెనక ఇంకో నలుగురు.

"అమ్మీ, సెట్టు ఏమన్నా అనిందా?"

సంగీత గూటి వైపు చూసింది. మూగగా ఉంది. "ఏమీ అన్లేదు, పోండి పెద్దమ్మా."

"నీ సెట్టు కంటే నా మొగుడు నయం. బతికుండగా పండగకన్నా ఒక మాట మాట్లాడతాండె" అంది గంగులమ్మ. నవ్వుకుంటూ పోయారు.

ఇంకా చీకటి పడలేదు. సంగీత చివరి ఫోన్లలో ఉంది. వీధి చివర పరుగుల చప్పుడు వినబడింది. ఆడవాళ్లు అరవడం లేదు. అరవకుండా పరుగెత్తి వస్తున్నారు. అదే ఆమెకు ముందు అర్థమైంది, ఆమె లేచి నిలబడింది.

గంగులమ్మ మెట్టు మీద కూలబడింది. చీర కుచ్చెళ్ల నిండా బురద. చేతిలో క్యాను లేదు.

"సెరుకులో ఉండిందమ్మీ. ఒంటిది. ఈడ..." చెయ్యి చాపి ఎంత దగ్గరో చూపబోయింది. ఆ చెయ్యి నిలవలేదు. "శెవులు ఆడిస్తా ఉండాది. సేని గట్టు గెనెం కింద పండుకుంటిమి. మట్టి వాసన వచ్చెనమ్మీ దానికాడినుంచి."

సంగీత నీళ్లు ఇచ్చింది. స్టీలు గ్లాసు గంగులమ్మ పళ్లకు తగిలి టకటకమంటోంది. ఎవరో వీపు నిమురుతున్నారు. ఎవరూ సంగీతను ఏమీ అనలేదు. "పాపం, ముసిలాయన సూసుండడు. సెరుకు సాటున వచ్చింటాది" అని వాళ్లే సర్దుకున్నారు. గూట్లో సెట్టు నోరు మూసుకుని ఉంది.

మర్నాడు పొద్దున దాసప్ప దిగివచ్చి, కాళ్లు కడుక్కుని, కంబళి దండెం మీద వేశాడు. వాకిట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు వెళ్లేదాకా ఆగాడు. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"నిన్న పిలిస్తినమ్మా. శానాసార్లు పిలిస్తి."

సంగీత చేతిలోని తెడ్డు ఆగింది.

"ఆడోళ్లు దావలో వచ్చేది పైనుంచి కనపడతాండె. అది సెరుకులో పోయేది కూడా కనపడతాండె. పిలిస్తానే ఉంటి." ఆయన ఆమె ముఖం చూసి, "పొయ్యి సూడమ్మా, సంగటి అడుగంటుతాది" అన్నాడు.

ఆ పూటే ఇద్దరూ చూశారు. ఆయన చేతి సెట్టు పట్టుకుని చేని గట్ల వెంబడి మంచె దాకా మళ్లీ నడిచాడు. ఆమె గూటి ముందు నిలబడింది. నాబు జగదీష్ తిప్పిన చోట ఉంచితే సెట్టులో ఏమీ లేదు. వెనక్కి తిప్పితే గరగర. దాని అడుగున మనిషి ఉన్నాడో లేడో తెలియదు. రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడాతో తిప్పుతూ ఆమె చాలాసేపు వెతికింది. ఎక్కడా మామ గొంతు లేదు. అలసిపోయి వచ్చిన ఆయన ముఖం చూసి, ఆయన అడగకుండానే తల అడ్డంగా ఊపింది.

అంటే నిన్న "ఏమీ అన్లేదు, పోండి" అన్నప్పుడు సెట్టు అంటూనే ఉంది. ఈ మాట ఆమె లోపల కూర్చుంది. ఫోన్లు చేస్తున్నా, అంట్లు తోముతున్నా లేవలేదు.

పక్కింట్లో గంగులమ్మ తన చిన్న రేడియోను అరచేత్తో కొడుతోంది. పొద్దున వ్యవసాయం కబుర్లు వినడం ఆమెకు అలవాటు. "దీనికీ వచ్చిందమ్మీ ఆ రోగం" అంది గోడ మీదినుంచి. డిష్ టీవీలకు మాత్రం ఏమీ కాలేదు. అందుకని ఊళ్లో మిగతావాళ్లకు పట్టలేదు. పిల్లలు ఫోన్లలో బొమ్మలు చూస్తున్నారు. టమోటా ధర మదనపల్లె మార్కెట్లో ఎంత పలికిందో అరుగు మీదే తెలుస్తోంది. నెట్టు బాగుందని అందరూ అంటున్నారు. నిజంగానే బాగుంది.

ఆదివారం సంగీత సెట్టును తువ్వాలులో చుట్టి పొద్దున్నే బస్సెక్కింది. ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. వి.కోట, పలమనేరు దాటి పుంగనూరు చేరేసరికి ఎండ ముదిరింది. భర్త సురేంద్ర బస్టాండులో ఉన్నాడు. చౌడేపల్లె పల్లెల్లో పాలు ఎత్తే వ్యాను నడుపుతాడు, నెలకు రెండుసార్లు ఇంటికి వస్తాడు. చుట్టిన సెట్టును ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. ముందు ఇడ్లీ తినిపించాడు.

తిమ్మప్ప అంగడి సందులో ఉంది. ఊరికి ఆ సెట్లు తెప్పించి ఇచ్చింది ఆయనే. మూత విప్పి, ఒక్కొక్క చోటా సూది ఆనించి చూశాడు. బ్యాటరీకి తగిలించి, నాబు పూర్తిగా వెనక్కి తిప్పాడు. సన్నటి గాలి లాంటి శబ్దం, అంతే. గరగర లేదు. ఇంకో సెట్టు ఇచ్చి సురేంద్రను బస్టాండు దాకా పంపించాడు.

"సంగీతా, టీ తాగేదా ఇంగొగటి?" అన్నాడు సురేంద్ర సెట్టులోంచి, పక్కన నిలబడి అడిగినంత స్పష్టంగా.

సంగీత నవ్వబోయింది. కళ్లలో నీళ్లు వచ్చాయి.

"దీనికేం రోగం లేదు తల్లీ" అన్నాడు తిమ్మప్ప, మూత బిగిస్తూ. "రోగం మీ ఊర్లో యాడో ఉండాది. అదేందో నాకు తెలీదు."

సెట్టు చెడిపోయి ఉంటే బాగుండేదని ఆమెకు అప్పుడనిపించింది. చెడిపోతే బాగుచేయించవచ్చు.

పుంగనూరులో సిగ్నల్ ఉంది. బస్టాండు బెంచీ మీద కూర్చుని జగదీష్‌కు ఫోను చేసింది. ఆమె చెప్పిందంతా అతను విన్నాడు.

"అక్కా, నేను సెప్పినానని యాడా అనొద్దు" అన్నాడు చివరికి. "కరెంటు తీగల్లో మేము పంపేది కూడా ఒక మాదిరి రేడియోనే. పైన వేలాడే తీగలు ఏరియల్ లెక్క దాన్ని నాలుగు దిక్కులా ఎగజల్లుతాయి. మీ సెట్టు వినేది, మాది పోయేది ఒకే దారి. పెద్ద పెట్టె పెట్టినాక ఎక్కువైంది. ఆ నాబు తిప్పి నేను తప్పు జేసినా. నాకు అప్పుడు తోసలేదు."

"మరి తీసెయ్యండప్పా."

"ఆఫీసులో అడిగినా అక్కా. మీ సెట్లు యాడో కొన్న ఆటబొమ్మలు, వాటికోసం లైను ఆపేది లేదన్నారు. ఊరు గట్టిగా గొడవ జేస్తే పెట్టె మొత్తం పీక్కొని పోతాం, మళ్లా నెట్టు రాదు అన్నారు."

"సాయంత్రం ఒక గంట ఆపితే సాలు. పాలకు పోయొచ్చేదాకా."

"ఈడినుంచి, మదనపల్లె నుంచే ఆపాల. ఆపరక్కా. నీ ఉద్యోగం కూడా దాని మిందే కదక్కా" అన్నాడు. బెదిరిస్తున్నట్టు కాదు, తనకూ ఒక ఉద్యోగం ఉన్న మనిషి అన్నట్టు అన్నాడు.

సురేంద్ర అంతా విన్నాడు. కాగితపు పొట్లంలోని ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి, గింజలు ఆమె అరచేతిలో పోస్తూ కూర్చున్నాడు. బస్సు కదిలాక కిటికీ పక్కనే కొంతదూరం నడిచి, "నాయన్ని పైకి పోవద్దని సెప్పితే ఇంటాడా?" అన్నాడు. ఆ మాట తప్పని తనకే తెలిసి, చెయ్యి ఊపి ఆగిపోయాడు. మంచె మీద మనిషి లేకపోతే ఊరికి కళ్లు కూడా ఉండవు.

సోమవారం నుంచి ఆడవాళ్లు గుంపుగా, ఖాళీ డబ్బా వాయించుకుంటూ పాలకు పోతున్నారు. సెట్టు పనిచేయడం లేదని సంగీత అందరికీ చెప్పింది. అయినా వాకిట్లో ఆగడం మానలేదు. కాళ్లు వాటంతట అవే ఆగుతాయి. గంగులమ్మ అడుగుతుంది. సంగీత "తెలీదు పెద్దమ్మా" అంటుంది. ఆ మాట విన్నాక వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, డబ్బా మోత మొదలుపెట్టి కదులుతారు. సెట్టు నాబును మాత్రం ఆమె వెనక్కే తిప్పి, గరగరను అలాగే మోగనిస్తుంది. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఫోనులో రోగులకు తారీకులు చెబుతూ ఒక చెవి వీధి వైపు పెట్టి ఉంచుతుంది.

ఒక సాయంత్రం వాళ్లు వచ్చేసి, ఎవరిళ్లకు వాళ్లు పోయాక గాలి లేచింది. రేకులు తపతపలాడాయి. కరెంటు పోయింది.

గరగర ఆగిపోయింది.

సంగీత కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. సెట్టు బ్యాటరీ మీద నడుస్తోంది. దాని పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. ఆ నిశ్శబ్దంలోంచి మామ గొంతు వచ్చింది, మామూలుగా, పక్కగదిలోంచి వచ్చినట్టు.

"...ఎవురూ ఇనడం లేదు కదా, అందుకే మాట్లాడతాండా. ఇంటాంటే మాట్లాడకూడదు." ఆయన దగ్గాడు. "గాలికి మంచె ఊగతాండాది. కాల్లు వణకతాండాయి. ముందు ఇట్లా లేదు. అప్పుడు పిలిస్తే పలుకుతారని ఉండె. ఇప్పుడు ఆకు కదిలినా గుండె దడదడ కొట్టుకుంటాది. పొద్దున ఎండ వచ్చేదాకా దిగేదానికి భయం. ఎవురికి సెప్పేది ఇది..."

సంగీత చెయ్యి మైకు మీదికి పోయింది. మీట మీద వేలు పెట్టింది. నొక్కలేకపోయింది. ఊరు ఊరంతా దాసప్ప ధైర్యం మీద నిద్రపోతుంది. ఆ మనిషి ఎవరూ వినరన్న నమ్మకంతో విప్పిన మాటలివి.

బల్బు వెలిగింది. గరగర వచ్చి ఆయన్ను కప్పేసింది.

పొద్దున ఆయన కంబళి దండెం మీద వేసి, "ఏమీ లేదమ్మా, సల్లగా ఉండాది" అన్నాడు. ఆమె వేడి సంగటి ముద్ద మీద నెయ్యి కొంచెం ఎక్కువ వేసింది. ఆయన చూశాడు. తిన్నాక ఆమె అడిగింది.

"మామా, మంచె కాడికి తోడు ఎవురినన్నా పంపేదా?"

"నాకా? తోడా?" నవ్వాడు దాసప్ప. "నేనే ఊరికి తోడు."

రెండు రోజుల తర్వాత, బెంగళూరులో ఆమె పని చూసే సుష్మ నుంచి పొద్దున్నే కబురు వచ్చింది. ఆమె మంచిదే, మర్యాదగానే చెప్పింది. మీ కాల్స్‌లో చప్పుడు వస్తోందని ఫిర్యాదులున్నాయి, గాలిరోజున మధ్యలో తెగిపోయాయి, ఇంకొకసారి తెగితే నా చేతుల్లో ఉండదు. సంగీత "సరే మేడం" అంది. సెట్టు మీద తువ్వాలు కప్పింది. కాసేపటికి తానే తీసేసింది.

ఆ సాయంత్రం మబ్బు పట్టి వేళకు ముందే వెలుగు తగ్గింది. ఆడవాళ్లు వచ్చారు. ఆమె ఫోనులో కోలారు నుంచి ఒక ముసలాయనతో మాట్లాడుతోంది. ఆయనకు చెవుడు. గంగులమ్మ గడపలో నిలబడి, అడగకుండా, కళ్లతోనే అడిగింది. అడిగి, డబ్బా మీద కర్ర ఎత్తింది.

గరగర ఒక్క క్షణం సన్నబడింది.

సంగీత తల తిప్పింది. మళ్లీ మామూలుగానే ఉంది. తర్వాత మళ్లీ సన్నబడింది, కొద్దిసేపు అలాగే ఉండి, మళ్లీ లావైంది. మాట ఏదీ లేదు. ఎవరో తలుపు అవతల నిలబడి తోస్తున్నట్టుంది. ఎక్కడో మీట నొక్కుతున్నారు, వదులుతున్నారు. ఆయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడా? పిలుస్తున్నాడా?

ఆమె చెయ్యి ఎత్తి ఆడవాళ్లను ఆగమంది. ఫోనులో, "అయ్యా, మంగళవారం. మంగళవారం పొద్దున. పరగడుపున రావాల" అని ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఆయన "మంగళవారం" అని తిరిగి చెప్పాకే హెడ్‌ఫోన్లు తీసింది.

"ఎవురూ కదలొద్దండి" అని వీధిలోకి పరుగెత్తింది.

ట్రాన్స్‌ఫార్మర్ వీధి చివర ఉంది. స్తంభం వెంబడి కిందిదాకా ఒక ఇనుప పిడి ఉంటుంది. దాన్ని దించితే ఊరికంతా కరెంటు పోతుంది. తాళం ఎప్పుడో ఊడిపోయింది. మోటారు రైతులు అవసరం పడితే వాళ్లే దించుకుంటారు, లైన్‌మన్ తిట్టుకుంటూ ఎత్తుతాడు. ఆడవాళ్లు ఎవరూ దాన్ని ముట్టగా సంగీత చూడలేదు. పైన జగదీష్ బిగించిన పెట్టె మీద చిన్న దీపం మినుకుమినుకుమంటోంది. ఆమె అక్కడ పడి ఉన్న ఎండు గోనెసంచి పిడికి చుట్టింది. చేతులు చెమటతో జారుతున్నాయి. షాకు కొడుతుందేమోనని భయం, ఉద్యోగం పోతుందని భయం, సెట్టులో ఏమీ లేకపోతే అందరి ముందూ ఏమని చెప్పాలోనని భయం. కళ్లు మూసుకుని ఒళ్లంతా వేసి లాగింది.

పైన ఖటక్‌మంది. వీధి చీకటైంది. పెట్టె మీది దీపం ఆరిపోయింది.

ఆమె వచ్చేసరికి ఆడవాళ్లు గూటి చుట్టూ మూగి ఉన్నారు. ఎవరూ ఊపిరి తీయడం లేదు.

"...మూడు ఉండాయి. పిల్లది ఒగటి. సెరుకు దాటినాయి. పాలదావలో నిలబడుకోని ఉండాయి, యాడికీ పోలేదు. అమ్మా సంగీతా, ఎవుర్నీ పంపొద్దు. పిల్ల ఉండాది, ఊరికే పోనియ్యదు తల్లి. ఇనపడదు. ఇనపడదని తెలుసు. ఇనపడకున్నా సెప్తాండా..."

గంగులమ్మ చేతిలోని కర్రను మెల్లగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది.

వీధిలో ఎవరో మగగొంతు అడిగింది. "కరెంటు యాడికి పోయిందబ్బా?"

"యాడికీ పోలే" అంది గంగులమ్మ, గొంతు తగ్గించి. "మేమే దించినాము. నోరు మూసుకోని తలుపేసుకో."

బల్ల మీద ల్యాప్‌టాప్ ఇంకా తెల్లగా వెలుగుతోంది. నెట్టు లేదని ఎర్రక్షరాలు కనిపిస్తున్నాయి. వెలుగు బయటికి కనబడకూడదని సంగీత దాని మూత దించింది. చీకట్లో తడుముకుని మైకు అందుకుంది. దాసప్ప మాట ఆపి మీట వదిలేదాకా ఆగింది.

"మామా, ఇనపడతాండాది. పాలకు ఎవురూ పోలే. అందరూ ఈడనే ఉండారు, నా పక్కనే."

సెట్టులో ఏమీ లేదు. చాలాసేపు లేదు. ఆమె మళ్లీ మీట నొక్కబోతుండగా ఆయన గొంతు వచ్చింది. సన్నగా, తడబడుతూ.

"ఎప్పట్నించి ఇంటాండావమ్మా?"

చుట్టూ ఉన్న ముఖాలు చీకట్లో కనబడడం లేదు. గంగులమ్మ చెయ్యి మాత్రం ఆమె భుజం మీద ఉంది, ఆ రోజులాగా వణకడం లేదు.

"ఇప్పుడే మామా" అంది సంగీత. "మూడు ఉండాయి అన్నెప్పట్నించే."

అటువైపు ఊపిరి ఒకటి వదిలిన చప్పుడు. తర్వాత ఊరందరికీ తెలిసిన గొంతుతో దాసప్ప అన్నాడు.

"సరే. దీపాలు ఎలిగించొద్దండి. అవి పోతానే నేను పిలుస్తా."